తాయమ్మ కొడుకు

జూన్ 14, 2025. శనివారం, సాయంత్రం 6.30

ఇయ్యాల మా అమ్మను ఎవరో తెలీదన్నాను.

రాసిపెట్టకపోతే రేపటికి దీన్ని ఇంకో రకంగా గుర్తు పెట్టుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున ఇస్కూల్లో పేరెంట్స్ మీటింగ్. ప్రిన్సిపాల్‌గా నాకిది మొదటిది. తొమ్మిదిన్నరకు ఎల్‌కేజీ వరండాలో గొడవ. పోయి చూస్తే అమ్మ. నైటీలో, చెప్పుల్లేకుండా, వెనకంతా తడిసిపోయి. ఎవరి పాపో ఒంటికి పోసుకుంటే కింద కూర్చోని గౌను పైకెత్తి కాళ్ళు కడగతా ఉండాది. మా ఇల్లు రెండు వీధుల అవతల. రోజూ బయట తాళం వేసే వస్తాను. ఇయ్యాల మరిసిపోయినాను.

పాప నాయన అరుస్తా ఉండాడు, ఎవరీమె, లోపలికి ఎవరు రానిచ్చినారు అని. అందరూ నా పక్క తిరిగినారు.

తెలీదు, ఎవరో పాపం, అన్నాను. వాచ్‌మన్ మునికుమార్‌కు సైగ చేసినాను. అమ్మ నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. "సరే సార్" అనింది. అతని వెంట పోయింది.

అమ్మ తడ ఊళ్ళో ముప్పైరెండేండ్లు ఇస్కూల్ ఆయా. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో మా అమ్మ రిటైర్డ్ టీచర్ అని చెప్పినాను. వాళ్ళు అడగను కూడా లేదు.

మీటింగ్ పూర్తి చేసినాను. క్రమశిక్షణ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడినాను. తర్వాత గేటు దగ్గరికి పోతే అమ్మ లేదు. ఇంట్లో లేదు. స్కూటర్ మీద వీధులన్నీ తిరిగినాను.

మూడు గంటలకు ఫోను. తిరుచానూరులో పూలమ్మే జయంతి అంట. మీ అమ్మ నా దగ్గరుండాది సార్, భయపడొద్దు, అనింది. అంత దూరం ఎండలో నడిచిపోయింది. జయంతి ఆమెకు ఒళ్ళు కడిగి, తన చీర కట్టి, పెరుగన్నం పెట్టి కూర్చోబెట్టింది. నా నంబరు ఎట్ల దొరికిందంటే, ఇస్కూలుకు ఫోన్ చేసి తీసుకున్నానంది. నా కొడుకు దయానంద్, ఫలానా ఇస్కూల్లో పెద్దసారు అని అమ్మే చెప్పిందంట.

అంటే పొద్దున నన్ను గుర్తుపట్టే సరే సార్ అనిందా?

జూన్ 15

చర్చికి పోలేదు. తలనొప్పని నా భార్య అమలతో చెప్పినాను.

జూన్ 18

జయంతి మా ఇంటికొస్తా ఉండాది. అమల అడిగింది. అమల శ్రీసిటీ కంపెనీ బస్సుకు తెల్లారే పోవాల. పొద్దుటి పూల బేరం అయిపోయినాక పదికల్లా జయంతి వస్తుంది. పదిదాకా నేనుంటాను. ఇస్కూల్లో బ్యాంకు పని అని చెప్తాను.

జయంతి వాళ్ళత్తకు ఆరేండ్లు ఈ మతిమరుపు జబ్బే. ఇంట్లోకి రాంగానే ఆ తాళం ఎందుకన్నా అని అడిగింది. తాళంచెవి జేబులో వేసుకున్నాను.

జూన్ 26

అమ్మకు నీళ్ళు పోసేదంటే నాకు తెలిసింది ఒకటే. బట్టలిప్పేసి, బాత్రూంలో నిలబెట్టి, తలుపు తెరిచిపెట్టే మగ్గుతో గబగబా పోసేది. ఆమె అరిచేది. మొండి అనుకునేవాణ్ణి.

ఇయ్యాల సెలవు పెట్టి జయంతి చేసేది చూసినాను. ముందు అమ్మ ముందర కూర్చునింది. "అమ్మా, చెయ్యి పట్టుకోనా?" అని అడిగింది. అమ్మ ఊ అన్నదాకా ముట్టుకోలేదు. ఒళ్ళంతా దుప్పటి కప్పి, ఒక చెయ్యి బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళా కప్పి, ఇంకో చెయ్యి. వీపు దగ్గరికొచ్చేసరికి నన్ను అట్ల తిరగన్నా అనింది.

అమ్మ అరవలేదు. సిగ్గుతో అరిచేదని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

జులై 3

అమ్మతో చెప్పినాను. ఆ పొద్దు నిన్ను తెలీదన్నది నేనేనమ్మా అన్నాను. నా చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది. అంతే.

జులై 5

అమలతో చెప్పినాను. అన్నం తింటా ఉన్నామె చెయ్యి కడుక్కోని లేచి పోయింది.  సాయంత్రం వచ్చి, నాతో చెప్పి ఏం లాభం, విన్నవాళ్ళకు చెప్పు, అనింది.

జులై 7

స్టాఫ్ మీటింగ్‌లో చెప్పినాను. ఆ రోజు వచ్చినామె మా అమ్మ. పేరు తాయమ్మ. టీచర్ కాదు, ఆయా. ఇంతే, మూడు మాటలు.   ఇద్దరు టీచర్లు కింద చూసినారు. పాప వాళ్ళ నాయనకు కూడా ఫోన్ చేసి చెప్పినాను.

బయటికొస్తే మునికుమార్ నిలబడి ఉండాడు. నాకు అప్పుడే తెలుసు సార్, అచ్చం మీ మొహమే కదా అన్నాడు. మీరే తెలీదన్నాక నేనెట్ల అంటాను? గేటు కాడ నా కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చినాను. బెల్లు కొట్టేసి వచ్చేలోపల లేచి పోయింది. ఆ పొద్దు నుంచి నాకు అన్నం సయించడంలేదు సార్, అన్నాడు.

నేను చేసిన పాపం ఇరవై మూడు రోజులుగా ఇతను మోస్తా ఉండాడు.

ఆగస్టు 11

అమ్మకు న్యుమోనియా. మింగడం మరిచిపోయిందంట, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతా ఉండాది. ఐసీయూలో పెట్టి ట్యూబులు వేయొచ్చు, కానీ మనిషి తిరిగి లేవదు అన్నాడు డాక్టర్. నొప్పి లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చా అని అమల అడిగింది. చూసుకోవచ్చని మందులు రాసిచ్చినాడు. నర్సును ఇంటికి పంపిస్తానన్నాడు.

బయట తాళం పారేసినాను.

ఆగస్టు 16

సెలవులో ఉండాను. గంటకోసారి దూది తడిపి పెదాలకు అద్దుతాను. పక్కకు తిప్పేముందు అడుగుతాను, తిప్పనామ్మా అని. ఊ అనే ఓపిక లేదు. కళ్ళు మూసి తెరుస్తుంది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి స్పష్టంగా మాట్లాడింది. "పిలకాయలందరూ పోయినారా సార్?"

పోయినారమ్మా, వాళ్ళమ్మలొచ్చి పిలుచుకోని పోయినారు, అన్నాను.

"అయితే నేను కూర్చుంటా" అనింది.

ఆగస్టు 18

పొద్దున తొమ్మిది నలభైకి అమ్మ పోయింది. నా చెయ్యి పట్టుకోనే ఉండాది. జయంతి, అమల, నేను కలిసి కడిగినాం. ముందు అడిగే కడిగినాం.

సెప్టెంబర్ 9

డెత్ సర్టిఫికెట్ కోసం పోయినాను. చనిపోయినామె మీకేమవుతుందని గుమాస్తా అడిగినాడు. మా అమ్మ అన్నాను. ఏం పని చేసేదన్నాడు. ఆయా అన్నాను. రాసుకున్నాడు.

మా అమ్మ, అన్నాను మళ్ళా.

రాసినాను సార్, అన్నాడు.