సుత్తికి చుట్టిన గుడ్డ

చిలకలపూడి,
8 ఆగస్టు 2006

అమ్మకు దివ్యశ్రీ నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. నాగాయలంకలో అక్కా, బావగారూ, ఇంకా పేరు పెట్టని మన చిన్నదీ, వాళ్ళందరికీ చాకిరీ చేస్తున్న నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఆవకాయ జాడీకి గుడ్డ మార్చాను. పడక పోతయ్య బాబాయి గారింట్లోనే. పిన్ని మారు వడ్డించకుండా లేవనివ్వడం లేదు. ఫోన్ చేయకుండా ఉత్తరాలేమిటని అడిగావు. ఫోన్లో నేను ఊఁ, ఆఁ తప్ప ఏం మాట్లాడతానో నీకు తెలుసుగా.

ఇక బాలసారెకు తెమ్మన్న పాటల సీడీ. నాన్న నగల పని చేసుకుంటూ టేప్‌రికార్డరులో పట్టిన నీ పాటలు, పదకొండు క్యాసెట్లూ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఉప్పుగాలికి బూజు పట్టిన టేపులు ఒక్కసారి పలికి తెగిపోయాయి. మొత్తం అరవై నాలుగు వచ్చాయి. అన్నిటికీ అంకెలే పేర్లు. పాడినవారి పేరు దగ్గర కంప్యూటరు తనంతట తానే ‘తెలియదు’ అని ఇంగ్లీషులో రాసుకుంది. నేను ఒక్కొక్కటే విని, మొదటి మాటనే పేరుగా పెట్టి, హారతులూ లాలిపాటలూ నాట్ల పాటలూ వేరు వేరు ఫోల్డర్లలో సర్దాను. ఏది ఎప్పటిదో తెలియక, నాన్న పక్కన ఇరవై ఏళ్ళు కూర్చుని పనిచేసిన మనిషి కదా అని బాబాయిని పిలిచాను.

అమ్మా, చెప్పడానికి భయపడుతున్నది ఇక్కడుంది.

ఆయన మూడు పాటలు విన్నాడు. నాలుగోది మొదలవగానే, “గొంతు మీ అమ్మదే. మీ నాన్నేడమ్మా?” అన్నాడు.

“నాన్న పాడలేదుగా బాబాయ్.”

“పాడ్డం కాదే. సుత్తేది? ఆయన నాలుగు దెబ్బలేస్తేగాని మీ అమ్మ ఎత్తుకునేదా? జూకాలప్పుడు ఒక లెక్క, గాజులప్పుడు ఒక లెక్క. నేను పోల్చుకునేది దాంతోనే.”

నీ గొంతు శుభ్రంగా వినపడాలని దాగలి మీది సుత్తి చప్పుడంతా కంప్యూటర్లో తీసేశాను. మార్చినవాటిని అసలువాటి మీదే సేవ్ చేశాను. ఇప్పుడు టేపులూ లేవు. పదో తరగతి పరీక్షలప్పుడు “నాన్నా, చప్పుడు” అంటే ఆయన సుత్తికి గుడ్డ చుట్టుకునేవారు. ఒక్కరోజూ విసుక్కోలేదు. నాకది ఎప్పుడూ చప్పుడే అయింది. నన్ను క్షమించు.

బాబాయి తిట్టలేదు. “ఇంకేం మిగల్లేదా?” అన్నాడు. ‘తెలియనివి’ అన్న ఫోల్డరులో ఒకటే ఉంది. మొదట్లో పాటేమీ లేదు, ఉత్త సుత్తి చప్పుడే. ఖాళీ టేపనుకుని చెరిపేద్దామని పక్కన పెట్టినది. ఆయన చివరిదాకా వినమన్నాడు.

కొంతసేపటికి నువ్వు అందుకున్నావు. రెండు చరణాలయ్యాక నీకు దగ్గొచ్చింది. సుత్తి కూడా ఆగింది.

“ఏవండీ, మీరాపారేం?”

“నువ్వాపావుగా.”

“దగ్గొచ్చిందండీ.”

“కానీ. దగ్గాక కొడతాలే.”

నువ్వు నవ్వావు. తర్వాత నాలుగు దెబ్బలు, నీ పాట. నాన్న పోయిన మూడేళ్ళకు ఆయన మాట విన్నాను. బాబాయి కండువాతో ముఖం తుడుచుకుని, “గాజుల పని” అని మాత్రం చెప్పాడు. ఆయన రాకపోతే ఆ ఒక్కటీ చెరిపేసేదాన్ని. ఆయన రుణం తీర్చుకోలేను. నీదీ అంతే. వసారాలో నువ్వూ నాన్నా కలిసి చేసినదాని పక్కనే కూర్చుని నేను చదువుకున్నాను.

ఆదివారం సీడీ తెస్తాను. మిగతా అరవై మూడు విని నువ్వేమన్నా పడతాను. ఈ ఒక్కటీ ముందు పెట్టాను. పాడినవారి పేరు దగ్గర ‘తెలియదు’ కొట్టేసి, ప్రసన్నలక్ష్మి, శ్రీహరి అని రాశాను.

ఇట్లు,
నీ చిన్నకూతురు
దివ్య