గేటు దగ్గర నీడ

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. బావగారినీ పిల్లలనూ అడిగానని చెప్పు.

నాన్న బట్టలు ఏం చేశామని అడిగావు. ఇంకా ఏమీ చేయలేదు. డ్రైవరు చొక్కాలు రెండింటినీ అమ్మ మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

వచ్చే ఏడాది కాలనీ ఫ్యామిలీ డే బాధ్యత కూడా నాకే ఇస్తామని కమిటీ ప్రెసిడెంటు నిన్న ఇంటికొచ్చి చెప్పారు. "నీ ఏర్పాట్లకి వంక పెట్టడానికి లేదమ్మా. నాన్నగారి వయసు అలాంటిది, మనమేం చేస్తాం" అన్నారు. అమ్మ తల ఊపింది. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

నాన్న పోయాక నువ్వు ఇక్కడున్న ఐదు రోజులూ చెప్పాలనే చూశాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఫ్యామిలీ డే జరిగే మైదానమంతా నాన్నే నాతో తిరిగి చూశాడని నీకు తెలుసు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి కదా, ముందు రోడ్డు వైపే చూశాడు. "గేటు తెరిస్తే ఎదురుగా లారీలే. పిల్లలు బంతి వెంట పరిగెడతారు. ఇక్కడ ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి నీడ ఉండాలి" అన్నాడు. గేటు దగ్గర చిన్న టెంటు, గంటకొకరు కాపలా అని రాసుకున్నాను. పసిపిల్లల తల్లులకు బెంచీలు, నాలుగు చోట్ల మంచినీళ్లు, తప్పిపోయిన పిల్లల కోసం ఒక బల్ల, ఒక ఫస్ట్ ఎయిడ్ టెంటు, అన్నీ రాసుకున్నాను. "మా బస్సులో ఇన్ని సౌకర్యాలుంటే నేను రిటైరయ్యేవాణ్నే కాదు" అని నవ్వాడు.

ఆ రోజు పొద్దున, టెంటు అడ్డొచ్చి రోడ్డు మీద వెళ్లేవాళ్లకు బ్యానరు కనిపించడం లేదని ఫొటోగ్రాఫరు గొణిగాడు. టెంటు విప్పించి స్టేజీ పక్కన వేయించాను. నాన్న చూశాడు. "మొదటి గంట నాది" అని టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

రెండో గంట కాపలాకు మన కాలనీ టైలరమ్మ వెళ్లాలి. నీళ్ల దగ్గర వరుస పెరిగిపోతే ఆమెను నేనే అక్కడ ఆపేశాను. ఆ తరువాతి వాళ్లు నేను పిలిస్తే వెళ్దామని కూర్చున్నారు. నేను పిలవలేదు. మరిచిపోయాను అక్కా. పని ఒత్తిడి అని రాద్దామనుకున్నాను, కానీ నిజం అది కాదు. మైకులో నన్ను పొగుడుతున్నారు. నేను స్టేజీ మీద నిలబడి వింటున్నాను.

అక్కడి నుంచి నాన్న కనిపించాడు. ఎండలో ఒక చేత్తో గేటు పట్టుకుని, రెండో చెయ్యి నాకేసి ఎత్తాడు. నన్ను చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. నేనూ చెయ్యి ఊపాను.

పావుగంట తరువాత ఐసుబండి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చి నాన్న పడిపోయాడని చెప్పింది. మూడు గంటలు నిలబడ్డాడు. తను కదిలితే ఎవరి బిడ్డ రోడ్డెక్కుతుందోనని గేటు వదల్లేదు.

అమ్మకు ఇవేవీ తెలియవు. రోజూ పొద్దున నా తల దువ్వుతూ, "నీ తప్పేం లేదే" అంటుంది. ఆ చెయ్యి తగిలితే ఒళ్లు మండిపోతోంది. నాకు ఓదార్పు మాటలు రాయకు. అమ్మకు చెప్పాలో వద్దో, అదొక్కటి రాయి.

నాన్న చివరగా ఏమైనా అన్నాడా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. లేదని రాశాను. అన్నాడు. ఫస్ట్ ఎయిడ్ టెంటులో నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే కళ్లు తెరిచి, "గేటు దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు.

"టైలరమ్మ ఉంది నాన్నా" అన్నాను.

"సరే" అని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు.

గేటు దగ్గర ఎవరూ లేరక్కా.

ఇట్లు,
నీ ముఖం చూసి చెప్పలేకపోయిన
చెల్లెలు