బ్యాడ్జి మీద ఎనిమిదో తరగతి

ఆదివారం, రాత్రి

బడి లైబ్రరీకి కొత్త కప్పు వేయడానికి డబ్బులు కావాలని, పాత విద్యార్థులూ తల్లిదండ్రులూ కలిసి ఈ రోజు క్యాంపస్‌లో ఫుడ్ మేళా పెట్టాం. మా అబ్బాయి వరుణ్ పోయి తొమ్మిది నెలలైనా వాలంటీర్ల గ్రూపులోంచి నన్నెవరూ తీసేయలేదు. నేనూ బయటికి రాలేదు. తార్నాక నుంచి ఆటోలో గిన్నెడు పులిహోర పట్టుకెళ్లాను.

గేటు దగ్గర పాత స్టూడెంట్ ఒకమ్మాయి బ్యాడ్జీలు రాస్తోంది. మా బడిలో తల్లుల పేర్లు రాయరు, పిల్లల పేర్లే రాస్తారు.

"ఆంటీ, బాబు పేరేంది? ఏ క్లాస్?"

పేరు చెప్పాను. ఏడులో ఉండగానే పోయాడని చెప్పాల్సింది. "ఎనిమిది" అన్నాను. నోటికి ఎలా వచ్చిందో.

మధ్యాహ్నం దాకా అందరూ "వరుణ్ మమ్మీ" అని పిలుస్తుంటే ఎంత హాయిగా ఉందో! అంతలో పక్క స్టాల్ ఆవిడ బ్యాడ్జి చూసింది.

"మా పాప గూడ ఎయిత్ క్లాసే, ఈ ఇయరే జాయినయింది. మీవోడు ఏ సెక్షన్ల ఉన్నడు? ఇంటికి పోయినంక పాపనడుగుత."

తలనొప్పని చెప్పి వచ్చేశాను. పులిహోర సగం అక్కడే ఉండిపోయింది. వాడి సంగతి క్లాసులో వినే ఉంటుంది, ఈపాటికి ఆ పాప తల్లికి నిజం చెప్పే ఉంటుంది. ఆవిడ నన్ను పిచ్చిదనుకుంటుందో, జాలిపడుతుందో... రెండూ భరించలేను.

ఇంటికొచ్చాక ఆయన నా చీరకున్న బ్యాడ్జి చదివారు. కోప్పడతారనుకున్నాను. పిన్ను మెల్లగా విప్పి, బ్యాడ్జిని వాడి ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డులో పెట్టారు.

"అప్పుడే ఎనిమిదికొచ్చినాడా మనోడు?" అన్నారు.