పచ్చ మనిషి తోడు

ఒరేయ్ తమ్ముడూ, ఆశీస్సులు.

విమానం దిగానురా! ఇక్కడ బళ్ళన్నీ మనలా ఎడమపక్కన కాదు, కుడిపక్కన పోతాయి. మా నాటకం వాళ్ళంతా చూస్తుండగా హుందాగా కారు ముందు తలుపు తీసి కూర్చున్నాను. తీరా చూస్తే ఎదురుగా స్టీరింగు! డ్రైవరు బయట బిత్తరపోయి నిలబడ్డాడు. పక్క సీట్లోకి జరిగితే, నన్ను కట్టేసి గానీ బండి కదపలేదు. రేపటినుంచి నాటకంలో రాజుగారి అంగీకి చేతులు కుట్టాలి. ఒకటే హుషారుగా ఉంది!

ఇట్లు, మీ అక్క

తా.క.: ఇది మీ బావకి చదివి వినిపించు. గడియారాలు బాగుచేసే భూతద్దం కంట్లోంచి తీసేదాకా ఆగి మొదలుపెట్టు.

*

పూజ్యురాలైన అక్కకి నమస్కారాలు.

కట్టేశారా! ఎవడు వాడు? నోట్లో గుడ్డలు కూడా కుక్కారా? బస్సు కండక్టరుగా రోడ్ల మీదే బతికినవాణ్ణి, నా మాట విను. దారినపోయే బండి ఎక్కకు. పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టు. రోడ్డు దాటేముందు మనం ఇక్కడ చూసే పక్క కాదు, రెండో పక్క ముందు చూడు. ఒంటరిగా అసలు దాటకు, ఎవరినైనా తోడు చూసుకో.

ఇట్లు, నీ తమ్ముడు

తా.క.: బావకి చదివాను. "ఏ తాడుతో?" అని అడిగాడు.

*

ఒరేయ్ మొద్దూ,

సీటు బెల్టురా అది! పోనీలే, నువ్వు చెప్పినట్టే తోడు చూసుకున్నాను. మా హోటలు మూలమీద ఒక పచ్చ మనిషి ఉంటాడు. ఆయన కనబడితే గానీ అడుగు వెయ్యను. ఆలస్యమైతే మీట నొక్కి పిలుస్తాను. ఆయన వచ్చాడంటే లారీలు కూడా నాకోసం ఆగాల్సిందే! మొన్న తొందరపడి ఎర్ర మనిషి ఉండగానే దిగాను. ఒక సైకిలువాడు నా చెంగు రాసుకుంటూ పోయాడు.

ఇట్లు, అక్క

తా.క.: పచ్చ మనిషి పొట్టివాడే గానీ, నడక మాత్రం భలే చురుకు!

*

అక్కకి,

నమస్కారాలు రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఎవరా పచ్చ మనిషి? నువ్వు పిలవడం, అతను రావడం! తోడంటే నాటకం వాళ్ళలో ఎవరినైనా అని కదా నా ఉద్దేశం! ఉత్తరం దాచాను గానీ, బావ నా జేబులోంచి లాక్కుని చదివేశాడు. దుకాణంలో గడియారాలు తలో టైమూ చూపిస్తున్నాయి, ఆయనకి పట్టడం లేదు. వెంటనే జవాబు రాయి.

ఇట్లు, తమ్ముడు

తా.క.: ఆ ఎర్రవాడి సంగతేమిటి?

మళ్ళీ తా.క.: బావ పచ్చ చొక్కా కుట్టించుకున్నాడు. అటక మీంచి పెట్టె దింపాడు.

*

ఒరేయ్ తమ్ముడూ,

అది దీపంరా! రోడ్డు దాటమని చెప్పే దీపంలో నడిచే మనిషి బొమ్మ. మన ఊళ్ళో లేవు కదా, నీకెలా తెలుస్తుంది? ఈ ముక్క రాద్దామని కూర్చుని కిటికీలోంచి చూద్దును కదా, రోడ్డుకి అవతల పెట్టెతో పచ్చ చొక్కా! నాతోపాటే వీసా వచ్చినా దుకాణం వదలనన్న మనిషి!

చేతిలో కలం పారేసి కిందికి పరిగెత్తాను. నన్ను చూశాడో లేదో, రోడ్డు మీదికి దిగేశాడు. చూసుకున్నది మన ఊళ్ళో చూసే పక్క. బస్సేమో రెండో పక్కనుంచి వస్తోంది. "ఆగండీ!" అని ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీదు. ఆయన వెనక్కి గెంతాడు. బస్సు విసురుకి పెట్టె దొర్లిపోయింది. పచ్చ బొమ్మ వెలిగాక నేనే వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మధ్యలో, "ఎక్కడ వాడు?" అన్నాడు. పైకి చూపించాను. తేరిపార చూసి, "నేనే పొడుగు," అన్నాడు.

ఇట్లు, మీ అక్కా బావా

తా.క.: పెళ్ళయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకుని నడవడం ఇదే మొదలురా. ఇప్పుడు రోజూ సాయంత్రం రోడ్డు దాటుతున్నాం. అవతల మాకేం పని లేదు. దాటి, మళ్ళీ ఇటు వచ్చేస్తాం.