ఓవెన్ పాడవలేదమ్మా

అమ్మా, మొన్నటి కార్డు చూసి బెంగపెట్టుకోకు, అంతా కుదుటపడింది. వంటింటి అలమరలో బిగించిన అత్తయ్యగారి కరెంటు ఓవెన్ నా చేతుల్లో పాడైందని రాశాను కదా, అది పాడవలేదు. నేను తడిగుడ్డతో తుడిచిన మర్నాటి నుంచీ వేడెక్కలేదు. మూడు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. నాకు ముద్ద దిగితే ఒట్టు.

నిన్న మెకానిక్ వచ్చి చూసి నవ్వేశాడు. "మధ్యలో కరెంటు పోయొచ్చింది కదండీ. దీని గడియారంలో మళ్ళీ టైం పెట్టేదాకా ఇది వేడెక్కదు" అని రెండు మీటలు నొక్కాడు. లోపల ఎర్రగా వెలిగింది! చల్లారాక, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే దానికేమీ కాదట.

అత్తయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. "ఆ రోజు తలుపు విసురుగా వేశానమ్మాయ్, నేనే పాడుచేశాననుకున్నా. నీకు మొహం చూపించలేక మాట్లాడలేదు" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

కార్డు నిండిపోతోంది. తమ్ముడి దగ్గు తగ్గిందా? నా ఊలు స్వెట్టరు నాన్న చేతికిచ్చి పంపు. ఆయన్ని వెంటనే వచ్చి నన్ను తీసుకెళ్ళమని రాశాను కదా. రమ్మను. తీసుకెళ్ళడానికి కాదు, అత్తయ్యగారు చేసే కేకు తినడానికి.

నీ పెద్దది