చాపకు అవతలి వైపు

సెప్టెంబరు 4, 1956, మంగళవారం

ఈ మాట ఇంట్లో చెప్పలేను, బడిలో చెప్పలేను. రాసుకోకపోతే రేపు మళ్లీ ఏమీ జరగనట్టే ఆ చాప మీద కూర్చుంటాను. అందుకే రాస్తున్నాను.

నిన్న ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నా ఒకటో తరగతిలో నలుగురేసి పిల్లలకు ఒక్కో వాచకం. చాప మీద పుస్తకం పెట్టి, వేలు పెట్టించి చదివిస్తాను. ముగ్గురు గడగడా చదివారు. నాలుగోది నూకరత్నం, ఫరంపేట పిల్ల. ఆయన పుస్తకం దాని చేతికిచ్చారు. చూస్తూ ఉండిపోయింది. రోజూ అందరితో కలిసి చదివే పేజీయే. ఇన్నాళ్లూ పక్కవాళ్ల నోరు చూసి అంటోందన్నమాట...

"ఇది నేర్పలేదామ్మా?"

నేర్పానండి, ఎంత చెప్పినా దీనికి ఎక్కదండి — అన్నాను. పిల్లకు వినపడేలాగే.

సెప్టెంబరు 5

రత్నం రాలేదు.

సెప్టెంబరు 6

ఇవాళా రాలేదు. పెద్ద పంతులమ్మగారు — "ఈ వారం పది రోజులు చూసి పేరు కొట్టేద్దాం. దానికి చదువు రాదని నువ్వే అన్నావుగా."

అన్నాను.

సెప్టెంబరు 7, శుక్రవారం

బడి వదిలాక ఫరంపేట వెళ్లాను. రత్నం తల్లి సత్తెమ్మ గోనెపట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఆయ్, మీరెందుకొచ్చారండీ ఈ కంపులోకి." నవ్వుతూనే అంది.

రత్నం రావడం లేదేమని అడిగాను.

"బుర్రకెక్కదన్నారంట కదండీ. ఈ సోమవారం కాదండి, పై సోమవారం దాని మేనత్తొచ్చి కాకినాడ తీసుకుపోద్దండి. గంప మొయ్యడానికి బుర్రెందుకండీ."

రత్నం గుమ్మంలో కూర్చుంది. చేపలు పొట్లం కట్టే పాత పత్రిక ముక్క ముందు. తలకిందులుగా పెట్టుకుంది. కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ, అక్షరం తరవాత అక్షరం... ఒక్క తప్పు లేదు. కాగితం తిప్పి సరిగా పెట్టాను. ఆగిపోయింది. మళ్లీ తలకిందులు చేశాను. చదివింది.

"అలాగెందుకే?"

"నేను కూర్చున్న కాడికి ఇలాగే కనపడద్దండి."

జూన్ నుంచి. మూడు నెలలు. ముగ్గురు నా పక్కన, అది పుస్తకానికి అవతల. నేనే చూపించిన చోటు.

సెప్టెంబరు 9, ఆదివారం

పొద్దున్న అమ్మ చేపల గంప దించి నన్ను చూసి — "ఏమే, ఇంట్లో కూడా ఆ పౌడరేంటే? నీకు నా వాసనంటుద్దని బెంగా?" అని నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ గంప మీదే చదివాను. మా ఇంట్లో పేరు రాయడం వచ్చింది నాకొక్కదానికే.

సెప్టెంబరు 10

పెద్ద పంతులమ్మగారి ఎదుట నిలబడ్డాను. రత్నం పేరు కొట్టెయ్యొద్దన్నాను. "ఏం చెప్పాలన్నా కాగితం మీద పెట్టు. ఇన్‌స్పెక్టరు గారికి చూపించాలి." నాది ఇంకా ఖాయం కాని ఉద్యోగం.

సెప్టెంబరు 12

"చాప మీద చోటు చాలక రత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టాను" — రాశాను. చదువుకున్నాను. చింపేశాను.

సెప్టెంబరు 13, గురువారం

ఇచ్చేశాను. ఇచ్చింది ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, రేపు మాట మార్చకుండా.

"అమ్మా, నూకరత్నానికి చదువు వచ్చు. తలకిందులుగా వచ్చు, నేను అలా కూర్చోబెట్టినందువల్ల. చాప మీద ఇవతల చోటుంది. మొదటిరోజు దాని గౌను ఎండుచేపల వాసన కొట్టింది. అది మా అమ్మ కోక వాసన. నా మీదికి మళ్లీ ఎక్కుతుందని, నన్ను ఆనవాలు పడతారని, అవతలికి పొమ్మన్నాను. తప్పు పిల్లది కాదని మీరు ఒక్క ముక్క రాసిస్తే వాళ్లమ్మకు చదివి వినిపిస్తాను. నా మాట ఇక ఆవిడ నమ్మదు. నన్ను ఏం చేసినా సరే, దాని పేరు మాత్రం కొట్టెయ్యకండి. సోమవారం పొద్దున్నే మేనత్త వస్తుంది. శనివారం సాయంత్రం లోపల జవాబు ఇప్పించండి."