నీ పక్క వరుస

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కంచిలిలో నీ ఫోటోకి దండ వేసి, వదిన విశాఖలో నేను పనిచేసే ల్యాబ్‌కి ఫోన్ చేసింది.

మన ఉద్దానం కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తెలుసుకోడానికి, ఊళ్లో తీసిన రక్తంలోని జన్యువుల వివరాలను మేం ఇంటర్నెట్‌లో ఒక పేజీలో పెట్టి చూస్తాం. మనిషికొక వరుస. వాటిని ఎలా గుంపులు చేయాలో, ఏ రంగు వేయాలో మన ఇష్టం. జబ్బున్నవాళ్లను ఎరుపులో పైన, లేనివాళ్లను నీలంలో కింద పెట్టాను. నువ్వు పైన, నీతోపాటు రక్తమిచ్చిన వదినా, నేనూ కింద.

"నాకూ కిడ్నీలు పాడైనాయట. టెక్కలి డాక్టరు సెప్పినాడు," అంది వదిన.

నేను ఆ పేజీ తెరిచాను. తనే మళ్లీ అడిగింది.

"ఆ కంప్యూటర్లో మీ అన్న గీత ఉన్నాదన్నావు కదా. మరి నన్నిప్పుడు ఏటి సేత్తావు?"

"పై గుంపులోకి మార్చాలి వదినా."

"అయితే ఆయన పక్కనే ఎట్టు."

పెట్టాను. నీలం వరుస ఎరుపయింది. మీ ఇద్దరి వరుసలనూ సాయంత్రం దాకా పోల్చి చూశాను. కారణం చెప్పేది ఏదీ కనబడలేదు.

కింది గుంపులో మన ఇంటివాళ్లలో ఇక నేనొక్కదాన్నే ఉన్నాను.

నీ చెల్లి